బొమ్మ ఏ వైపు? బొరుసు ఏ వైపు?

నందమూరి తారక రామారావు శతజయంతికి కేంద్ర ప్రభుత్వం వంద రూపాయల నాణెం తెచ్చింది. 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవన్‌లో ద్రౌపది ముర్ము దాన్ని విడుదల చేశారు. హైదరాబాద్ టంకశాలలో తయారైన నాణెం అది. 44 మిల్లీమీటర్ల వ్యాసం, 35 గ్రాముల బరువు, అందులో సగం వెండి. ఒకవైపు ఎన్టీఆర్ ముఖం, రెండోవైపు అశోక స్తంభం సింహాలు, వాటి కింద వంద అంకె. ఆ నాణేన్ని గాల్లోకి ఎగరేస్తే ఎన్టీఆర్ పైకి వచ్చేలా పడిందనుకుందాం. అది బొమ్మా, బొరుసా?

ఏ ఊళ్ళో ఎవరిని అడిగినా బొమ్మ అనే అంటారు. మనిషి ముఖం ఎదురుగా కనబడుతుంటే బొరుసు అనడానికి నోరు రాదు. ప్రభుత్వ నోటిఫికేషన్ లెక్క మాత్రం వేరు. దాని ప్రకారం సింహాలున్నది ముందువైపు, ఎన్టీఆర్ ఉన్నది వెనకవైపు. ఈ మధ్య వస్తున్న స్మారక నాణేలన్నిటిదీ ఇదే పద్ధతి. ఎవరి పేరు మీద నాణెం తెచ్చినా వాళ్ళ చోటు వెనకవైపే. ఇందులో ఎవరినీ తగ్గించడం లేదు. ముందువైపు అంటే అందంగా ఉన్న వైపు అని కాదు, ఈ నాణేనికి పూచీ ఎవరిదో చెప్పే వైపు అని అర్థం. పూచీ ప్రభుత్వానిది, ప్రభుత్వానికి గుర్తు ఆ సింహాలు.

అంటే నాణెం వైపులకు పేర్లు పెట్టడంలో రెండు లెక్కలు నడుస్తున్నాయి. చట్టం, నాణేల శాస్త్రం 'ఇచ్చింది ఎవరు' అని చూస్తాయి. జనం 'కనబడేది ఏమిటి' అని చూస్తారు. చాలా కాలం ఈ రెండు లెక్కలకూ జవాబు ఒక్కటే అయింది. నాణెం ఇచ్చేది రాజు, దాని మీద కనబడే ముఖమూ రాజుదే. రాజు పోయాక ఆ జవాబులు విడిపోయాయి. ఎన్టీఆర్ నాణెం దగ్గర మనకు తట్టే సందేహం అక్కడ పుట్టిందే.

తెలుగు పేర్లు రెండో లెక్కవి. 'బొమ్మ'కు అర్థం చెప్పక్కర్లేదు. దాని జంట మాటే కాస్త వింత. బొరుసు అనే మాటకు టాస్ దగ్గర తప్ప రోజువారీ మాటల్లో ఇంకెక్కడా పెద్దగా పని లేదు. గోడకు బొరుసు ఉండదు, కాగితానికి బొరుసు ఉండదు. బొమ్మ ఉంటేనే బొరుసు ఉంటుంది. బొమ్మ కానిదంతా బొరుసే, దాని మీద అంకె ఉన్నా, అక్షరం ఉన్నా, తీగ ఉన్నా.

తెలుగులో ఇంకో జంట కూడా ఉంది. చిత్తు, బొత్తు. నాణేలు ఎగరేసి ఆడే జూదం పేరే చిత్తుబొత్తు. హిందీలో దీనికి దగ్గరి జంట చిత్, పట్. ఈ పేర్లు నాణెం మీద ఏం చెక్కారో చూడవు, అది ఎలా పడిందో చూస్తాయి. కుస్తీలో అవతలివాణ్ణి వెల్లకిలా పడేస్తే చిత్తు చేసినట్టు. ముఖం ఆకాశం వైపు ఉంటుంది. నాణెం కూడా ముఖం పైకి పెట్టి పడితే చిత్తు. మనిషి ఒంటిని చూసి నాణేనికి పెట్టిన పేరు ఇది. దీనికి రాజుతోనూ పని లేదు, ప్రభుత్వంతోనూ పని లేదు. నాణేల మీద ముద్రలు ఎన్నిసార్లు మారినా ఇలాంటి మాట పాతబడదు.

అసలు ముద్రలు ఎప్పుడూ రెండువైపులా లేవు. మన దేశంలో తొలి నాణేలైన విద్ధాంక నాణేలను చూస్తే బొమ్మా బొరుసా అనే ప్రశ్నే తలకిందులవుతుంది. వెండి రేకు ముక్క మీద చిన్న చిన్న ముద్రలు విడివిడిగా కొట్టారు. సూర్యుడు, చక్రం, కొండ లాంటివి. మౌర్యుల కాలం నాణేల మీద సాధారణంగా ఐదు ముద్రలు ఉంటాయి. అన్నీ ఒకవైపే, ఒకదాని మీద ఒకటి ఎక్కేస్తూ. రెండోవైపు ఖాళీగా ఉండొచ్చు, లేదా ఒకటి రెండు చిన్న గుర్తులు ఉండొచ్చు. అక్కడ ఒక బొమ్మ అంటూ లేదు, ఐదు ఉన్నాయి. ముఖం లేదు, పేరు లేదు.

వెయ్యేళ్ళు దాటాక కూడా మన రాజమహేంద్రవరంలో ఒకవైపు నాణేలే కొట్టారు. 11వ శతాబ్దంలో రాజరాజ నరేంద్రుడి బంగారు నాణెం ఒకసారి ఊహించుకోండి. నన్నయ చేత భారతం తెలుగు చేయించిన రాజు ఆయనే. పల్చటి, వెడల్పైన బంగారు బిళ్ళ. మధ్యలో చాళుక్యుల వరాహం. చుట్టూ 'శ్రీ రాజరాజ' అనే అక్షరాలు, ఆనాటి తెలుగు-కన్నడ లిపిలో, ఒక్కో అక్షరం ఒక్కో దెబ్బతో విడిగా కొట్టినవి. ఇటు తిప్పితే ఏమీ లేదు. ముందువైపు దెబ్బల తాలూకు ఉబ్బెత్తులు తప్ప రెండోవైపు ఖాళీ. ఆ నాణేన్ని ఎగరేస్తే పడేది బొమ్మ, లేకపోతే వట్టి బంగారం.

ఆ వరాహం ఆ తర్వాత చేసిన పని ఇంకా గొప్పది. నాణెం మీది బొమ్మ నాణేనికే పేరైపోయింది. విజయనగర కాలానికి వచ్చేసరికి బంగారు నాణేన్ని వరహా అనే పిలిచారు, దాని మీద వరాహం లేకపోయినా సరే. కృష్ణదేవరాయల వరహా మీద ఉన్నది కూర్చున్న బాలకృష్ణుడు, వెనక నాగరి లిపిలో 'శ్రీ ప్రతాప కృష్ణరాయ'. వెంకటపతి రాయల నాణెం మీద వేంకటేశ్వరుడు, వెనక ఆయనకు నమస్కారం. రాజు ముఖం ఎక్కడా లేదు. ముందువైపు దేవుడిది, రాజు తన పేరును వెనకవైపు ఉంచుకున్నాడు. పూచీ ఎవరిదని అడిగితే రాయలు చూపించేది ఆ దేవుణ్ణే. దాన్నీ 'బొమ్మ' అనే మాట హాయిగా ఇముడ్చుకుంటుంది. 'తల' అనో, 'రాజు' అనో పేరు పెట్టుకుని ఉంటే ఆ పేరు ఇక్కడే తెగిపోయేది.

రాజు ముఖం మన నాణేల మీదకు అసలు రాలేదని కాదు. శాతవాహనులు వెండి నాణేల మీద తమ ముఖాలు చెక్కించారు. వాటిలో యజ్ఞశ్రీ శాతకర్ణి నాణేన్ని తెలుగువాళ్ళు ఒక్కసారైనా దగ్గరగా చూడాలి. ఒకవైపు రాజు తల, చుట్టూ ప్రాకృతంలో పేరు, 'గోతమిపుతస' అని వచ్చే వరస. రెండోవైపు కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు (అడ్డం నిలువు గీతల నాలుగు కొనలకు నాలుగు వృత్తాలు), చుట్టూ అదే పేరు మళ్ళీ, ఈసారి 'గోతమిపుతకు' అని. 'స' పోయి 'కు' వచ్చింది. ఈరోజు మనం రాముడికి, సీతకు అంటున్న 'కు' ఇది. ఆ రెండో భాష తమిళమా, ఆనాటి తెలుగా అని పండితుల్లో వాదన ఉంది. ద్రావిడ భాష అనడంలో పెద్ద పేచీ లేదు. రాజు ముఖం పక్కన దర్బారు భాష, వెనకవైపు బజారు భాష. దక్షిణాది మాటకు నాణెం మీద దక్కిన తొలి చోట్లలో ఇదొకటి, అదీ బొరుసు మీద.

ముఖం చెక్కడం ఎంత పెద్ద రాజకీయమో చెప్పే సాక్ష్యం కూడా శాతవాహనులదే. 1906లో నాసిక్ దగ్గర జోగళ్‌తంబిలో 13,000కు పైగా వెండి నాణేలు ఒకేచోట దొరికాయి. అవన్నీ క్షహరాట వంశపు రాజు నహపానుడివి. వాటిలో మూడింట రెండు వంతులకు పైగా నాణేల మీద నహపానుడి ముఖం మీదనే గౌతమీపుత్ర శాతకర్ణి తన కొండ గుర్తు, ఉజ్జయిని గుర్తు మళ్ళీ కొట్టించాడు. కరిగించి కొత్తవి పోయించలేదు. పాత ముఖం చెంప, ముక్కు కొత్త గుర్తుల మధ్య నుంచి ఇప్పటికీ కనబడతాయి. ఓడిన రాజు ముఖం జనం చేతుల్లో తిరుగుతూనే ఉండాలి, దాని మీద గెలిచినవాడి ముద్ర ఉండాలి. ఇలాంటి నాణెంలో ముందువైపు ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు ఆ దెబ్బే.

పేరు ఒక వైపు, దాన్ని చూపించే ముద్ర ఇంకో వైపు ఎలా జారిపోతాయో చూడాలంటే బ్రిటిష్ కాలం నాణేలు సరిగ్గా సరిపోతాయి. రాజు తల ఉన్న వైపును జనం ఎంత నిశితంగా చూస్తారో 1911లో తేలిపోయింది. ఐదో జార్జి రూపాయి మీద ఆయన వేసుకున్న నిలువుటంగీలో ఒక చిన్న ఏనుగు ఉంది. తొండం కురచగా చెక్కడంతో అది పంది లాగా కనబడింది. ముస్లింలు అభ్యంతరం చెప్పారు, నాణేన్ని వెనక్కి తీసుకుని ఏనుగును సరిదిద్ది మళ్ళీ కొట్టారు. గోరంత బొమ్మ అది. అయినా అది రాజు ఉన్న వైపు ఉంది.

అదే రోజుల్లో బొరుసు మీద మనకు దగ్గరిదొకటి జరిగింది. 1906 నుంచి వచ్చిన అణా బిళ్ళ వెనక విలువను ఇంగ్లీషుతో పాటు నాలుగు దేశీ లిపుల్లో రాశారు. ఉర్దూ, నాగరి, బెంగాలీ, తెలుగు. అంచు పూలరేకుల్లా వంకరలు తిరిగిన ఆ బిళ్ళ మీద 'ఒక అణా' అని తెలుగులో ఉంటుంది. లండన్‌లో కూర్చున్న చక్రవర్తి తల ఒకవైపు, తెనాలి అంగట్లో చదువుకునే మాట ఇంకోవైపు. పేరు గొప్ప బొమ్మదే కావచ్చు. బేరం చేసేవాడికి పనికొచ్చింది మాత్రం బొరుసే. 1950లో గణతంత్ర భారతం నాణేలు వచ్చాక వాటి మీద హిందీ, ఇంగ్లీషు మిగిలాయి, తెలుగు మాయమైంది. ఇది పెద్ద నష్టమే. శాతవాహనుల 'కు', ఈ 'ఒక అణా' రెండూ ఉన్నది వెనకవైపే. తర్వాత ఆ వెనకవైపు కూడా లేకుండా పోయింది.

రెండో ప్రపంచ యుద్ధంలో రాగి కొరత వస్తే 1943లో నడుమ చిల్లున్న కానీ వచ్చింది. చిల్లుకానీ అనగానే పెద్దవాళ్ళకు ఇప్పటికీ గుర్తొచ్చేది అదే. రూపాయిలో 64వ వంతు. నడుమ చిల్లు పడ్డాక రాజు తలకు చోటేదీ? తల తీసేసి కిరీటం ఒక్కటే పైన పెట్టారు. తల లేని ఆ వైపు కూడా బొమ్మే.

హైదరాబాద్ రాజ్యానిది ఇంకో దారి. నిజాములు తమ ముఖం పెట్టుకోలేదు. హాలీ సిక్కా రూపాయి మీద ఉన్నది చార్మినార్. ఆ చార్మినార్ నడుమ ద్వారంలో ఒక్క అరబ్బీ అక్షరం ఉంటుంది. మహబూబ్ అలీ ఖాన్ కాలంలో 'మీమ్', ఉస్మాన్ అలీ ఖాన్ కాలంలో 'ఐన్'. రాజు తన పేరులో మొదటి అక్షరంగా ఆ ద్వారంలో నిలబడ్డాడు. భూతద్దం పెట్టి చూస్తే తప్ప ఆ అక్షరం చాలామందికి కనబడదు. జనానికి కనబడేది చార్మినార్. ముఖం లేని నాణేలకు 'బొమ్మ' కంటే సరైన పేరు లేదు.

స్వాతంత్ర్యం వచ్చిన ఏడాది రూపాయి మీద ఇటు ఆరో జార్జి తల, అటు నడుస్తున్న పులి. రెండువైపులా బొమ్మలే. పులిని బొరుసు అనాల్సి వచ్చింది, ఎందుకంటే రాజు ఇటున్నాడు. 1950 ఆగస్టు 15న గణతంత్ర భారతం తొలి నాణేలు వచ్చినప్పుడు రాజు చోట్లో అశోకుడి సింహాలు కూర్చున్నాయి, పులి చోట్లో ధాన్యపు కంకులు వచ్చాయి. చిన్న నాణేల వెనక ఎద్దు, గుర్రం వచ్చాయి. కంకులున్న రూపాయి దగ్గర జనానికి ఏ గొడవా రాలేదు. ఎద్దు ఉన్న అణా, బేడల దగ్గర మాత్రం ఇటూ జంతువు, అటూ జంతువు. అక్కడే రెండు లెక్కలూ విడిపోవడం మొదలైంది. సింహాలు ప్రభుత్వానివని తెలిసినవాళ్ళు వాటిని బొమ్మ అన్నారు. అది తెలియనివాళ్ళకు ఎగరేసే ముందే 'ఏది బొమ్మ' అని ఒప్పందం చేసుకోవాల్సి వచ్చింది. ఇప్పుడు స్మారక నాణేలతోనూ అదే అవస్థ.

ఇతర దేశాల్లో నాణేలు మారిపోయినా పేర్లు మిగిలిపోయిన తీరు చూస్తే మన మాటల గట్టితనం ఇంకా బాగా అర్థమవుతుంది. పాత రోమన్ కంచు నాణేల మీద ఒకవైపు రెండు ముఖాల దేవుడు జానస్, రెండోవైపు ఓడ ముందుభాగం. 5వ శతాబ్దంలో మాక్రోబియస్ అనే రచయిత, పిల్లలు నాణేలు ఎగరేస్తూ 'కాపితా అవుత్ నావియా', అంటే తలలా, ఓడా అని అరుస్తున్నారని రాశాడు. అప్పటికి ఆ ఓడ నాణేలు పోయి శతాబ్దాలు గడిచాయి. మెక్సికోలో 'ఆగిలా ఓ సోల్', గద్దా, సూర్యుడా అంటారు. గద్ద దేశపు గుర్తు కాబట్టి ఉంది. సూర్యుడు పాత నాణేల మీది బొమ్మ. ఈనాటి చాలా నాణేల మీద అలా లేకపోయినా నోట్లో ఉన్నాడు. ఇరాన్‌లో 'షీర్ యా ఖత్', సింహమా, రాతా అని. టర్కీలో 'యాజీ తురా', రాతా, సుల్తాను ముద్రా అని. జర్మన్లు తలా, అంకా అంటారు. తమిళులు పూవా, తలయా అంటారు.

వీటన్నిటిలో తెలుగువాళ్ళకు చుట్టరికం ఉన్నది అర్జెంటీనాలో దొరుకుతుంది. అక్కడ 'కారా ఓ సెకా' అంటారు. కారా అంటే ముఖం. సెకా అంటే టంకశాల, అరబ్బీ 'సిక్కా' నుంచి స్పానిష్‌లోకి వెళ్ళిన మాట. అరబ్బీలో సిక్కా అంటే నాణెం కొట్టే అచ్చు. అదే మాట ఇటు తిరిగి వచ్చి మన హాలీ సిక్కా అయింది. హైదరాబాద్‌లో ఆ మాట నాణేనికి పేరు, బ్యూనస్ ఐరిస్‌లో నాణేనికి వెనకవైపు పేరు.

నాణేల శాస్త్రంలో ముందువైపు అనే మాటకు ఒక పని కారణం కూడా చెబుతారు. యంత్రాలు రాకముందు ఒక అచ్చును దాగలిలో బిగించి, దాని మీద లోహపు బిళ్ళ పెట్టి, పైన రెండో అచ్చు ఆనించి సుత్తితో కొట్టేవాళ్ళు. దెబ్బ నేరుగా తినేది పై అచ్చు, అది త్వరగా పగిలిపోతుంది. కింద బిగించింది ఎక్కువ కాలం ఆగుతుంది. రాజు ముఖం చెక్కడానికి నేర్పు, రోజులు కావాలి కాబట్టి దాన్ని సాధారణంగా కింది అచ్చులో పెట్టేవాళ్ళు. ఎగరేసేవాళ్ళకు పైన పడే వైపు, నాణెం కొట్టేవాళ్ళకు మాత్రం కింద ఉండే వైపు.

జపాన్ టంకశాల పద్ధతి ఇంకోలా ఉంటుంది. ఏది ముందు ఏది వెనక అని ఇప్పటి చట్టం చెప్పదు. సంవత్సరం రాసిన వైపును వెనక అనుకుని పని నడుపుకుంటున్నారు.

మూడో వైపును చాలామంది లెక్కలోకే తీసుకోరు. అంచు. వెండి నాణేల రోజుల్లో అంచును సన్నగా గీరి వెండి దొంగిలించేవాళ్ళు. దానికి మందుగా అంచు పొడవునా సన్నటి గీతలు పెట్టారు. గీరితే గీతలు పోతాయి, దొంగతనం తెలిసిపోతుంది. ఇప్పుడు ఆ గీతలు చూపులేనివాళ్ళ వేళ్ళకు పనికొస్తున్నాయి. ఇప్పటి ఇరవై రూపాయల నాణెం 12 పలకలతో ఉండటానికీ, ఒకప్పటి ఐదు పైసలు చదరంగా ఉండటానికీ అదే ఉపయోగం. చీకట్లో, జేబులో, బొమ్మా బొరుసూ తెలియనప్పుడు నాణేన్ని చెప్పేది అంచే.

జేబులో ఉన్న ఒక రూపాయి తీసి చూడండి. సింహాలు నిటారుగా ఉండేలా పైనా కిందా రెండు వేళ్ళతో పట్టుకుని, పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పండి. అంకె కూడా నిటారుగానే ఉంటుంది. అమెరికా నాణెం ఇలా తిప్పితే వెనకవైపు తలకిందులుగా కనబడుతుంది. ఇప్పుడు రూపాయి గుర్తు ఉన్న వైపు, సంవత్సరం అంకెల కింద చూడండి. ఏమీ లేకపోతే కోల్‌కతాది. చిన్న చుక్క ఉంటే నోయిడాది, డైమండ్ ఆకారం ఉంటే ముంబయిది. ఐదు కొనల నక్షత్రం కనబడితే అది హైదరాబాద్‌ది. 1903 నుంచి సైఫాబాద్‌లో నడిచి, 1997లో చర్లపల్లికి మారిన టంకశాల పెట్టిన గుర్తు అది. అది ఉన్నది బొరుసు మీద.